ఏడో నంబరు రాయి

ఏడో నంబరు రాయి కనబడలేదు.

ఆరు ఉంది. ఎనిమిది ఉంది. రెండింటి మధ్యా ఇసకదిబ్బ, దాని నిండా మనిషెత్తు మొగలిపొదలు. దిబ్బకి అవతల సముద్రం, ఇవతల ఊరి వరిచేలు.

ఆ దిబ్బని చదును చేసి ఉప్పుమడులు కట్టాలని శ్రీకాకుళం వర్తకుడు నగరేశ్వరరావు పథకం. దరఖాస్తు మంజూరైంది. హద్దురాళ్లు పన్నెండూ కళ్లారా చూసుకుని సంతకం పెట్టడమే మిగిలింది. నెలాఖరు దాటితే మంజూరు రద్దు. ఇవాళ ఇరవై తొమ్మిదో తారీఖు.

"పోయిన నెల దగ్గరుండి పాతించానండి. రెండడుగుల నల్లరాయి. ముఖాన 7 చెక్కించాను" అన్నాడు సర్వేయరు గణపతిరావు. గొలుసు పట్టి కొలిచి ఒక పొద దగ్గర ఆగాడు. "ఇక్కడే ఉండాలి. ఊరివాళ్లే మాయం చేశారు."

అక్కడ ఉత్త ఇసక తప్ప ఏమీ లేదు.

"ఇంకో రాయి పాతెయ్ మరి."

"వీల్లేదండి. రాయి పోతే పై ఆఫీసుకి రాయాలి. వాళ్లొచ్చి మళ్లీ మొదట్నుంచి కొలవాలి. ఏడాది పడుతుంది."

నగరేశ్వరరావుకి అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం. పొద్దున్న నౌపడ స్టేషన్లో దిగింది మొదలు ఎవర్నీ నమ్మలేదు. బండివాడు చుట్టుదారిన తెచ్చాడనుకున్నాడు. మంచినీళ్లిచ్చిన ఆవిణ్ణి, ముందు నువ్వు తాగమన్నాడు. నీళ్లు తియ్యగా ఉంటే అదీ అనుమానమే. సముద్రం పక్క బావిలో తీపి నీళ్లేమిటి?

గణపతిరావు మాత్రం ఊరి మీద విరుచుకుపడ్డాడు. బట్టలుతికే బండలు తిరగేయించాడు. గడపరాళ్లు గీకించాడు. గడ్డివాముల్లో గునపాలు గుచ్చించాడు. ఆ జోరు చూశాక నగరేశ్వరరావుకి ఆ రోజు మొదటిసారి ఒక మనిషి మీద నమ్మకం కుదిరింది.

"ఏటయ్యా సర్వేయరూ, ఇక్కడ ఉప్పు బాగా పండుతుందంటావా?"

"మాదీ సముద్రం పక్క ఊరేనండి. దిబ్బ తీసేసిన రెండేళ్లకి మా చేలల్లో ఉప్పు తప్ప ఇంకోటి పండలేదు."

నగరేశ్వరరావు సంతోషంగా తలాడించాడు.

పొద్దున్నుంచీ ఒక ముసలామె వాళ్ల వెనకే తిరుగుతోంది. పేరు దేముడమ్మ. దిబ్బని ఆనుకుని ఉన్న అరెకరం చేను ఆమెది. ఊరికే చూడ్డమే. ఆ చూపు నగరేశ్వరరావుకి నచ్చలేదు.

"రాయి తీసింది నువ్వేనా?"

"నానెందుకు తీస్తాను బాబూ? రాళ్లు మోసే వొయిసేటి నాది?"

"ఎవరు తీశారో నీకు తెలుసు. చెప్పు."

"ఎవులూ తియ్యనేదు."

"మామూలుగా అడిగితే చెప్పరండి వీళ్లు" అన్నాడు గణపతిరావు. "అమ్మవారి మీద ప్రమాణం చేయించండి. అక్కడ అబద్ధమాడితే ఒళ్లంతా అమ్మవారు పోస్తుందని వీళ్లకి హడలు."

నగరేశ్వరరావుకీ హడలే. మనుషుల్ని నమ్మడు గానీ, అమ్మవారంటే గడగడలాడతాడు.

దిబ్బ నడిమధ్య, పొదల చాటున, చిన్న తాటాకు పందిరి. కింద అమ్మవారు. ఒళ్లంతా పసుపు, నుదుట అరచేతంత కుంకం, పాదాల దగ్గర వేపమండలు. ముగ్గురూ చెప్పులు విడిచారు.

"దిబ్బమ్మ తల్లి బాబూ" అంది దేముడమ్మ. "సముద్రాన్ని సేలమీదికి రానీకుండా కాస్తన్నాది."

ఆమె అమ్మవారి నెత్తిన చెయ్యి ఆనించింది.

"తల్లీ, ఈ సావుకారు బాబు అడిగిన రాయి నాను తియ్యనేదు. మా ఊరోలు ఎవులూ తియ్యనేదు. పాతినకాడే ఉన్నాది. అబద్దమాడితే నా రెండు కళ్లూ తీసుకుపో."

నగరేశ్వరరావు ఆమె కళ్లలోకి చూశాడు. అబద్ధాన్ని పసిగట్టడంలో ఆయన ఘటికుడు. ఎంతసేపు చూసినా, ఆ కళ్లలో అబద్ధం లేదు.

దాంతో ఆయనకి చెమటలు పట్టాయి. ఎవరూ తియ్యలేదు. పాతినచోటే ఉంది. అయినా కనబడటం లేదు. మరి దాన్ని దాచింది ఎవరు? నెమ్మదిగా అమ్మవారి వైపు చూశాడు. గాలికి మొగలాకులు గరగరలాడాయి.

"కొబ్బరికాయ... కొబ్బరికాయ తెండి!" అన్నాడు.

తనే కొట్టాడు. నీళ్లన్నీ అమ్మవారి నెత్తిన పోశాడు. కళ్లు గట్టిగా మూసుకుని లెంపలేసుకున్నాడు.

"తప్పయిపోయింది తల్లీ. నీ దిబ్బ జోలికి రాను. పిల్లలు గలవాణ్ణి, కాపాడు."

కళ్లు తెరిచినవాడు తెరిచినట్టే వెనక్కి తిరిగాడు. సంతకం పెట్టాల్సిన మంజూరు కాగితం అక్కడే చింపేసి, చెప్పులు చేతపట్టుకుని బండి వైపు పరుగులాంటి నడక నడిచాడు. దేముడమ్మ దారి చూపిస్తూ ముందు నడిచింది.

"గొలుసు సర్దుకుని వస్తానండి" అన్నాడు గణపతిరావు.

వాళ్లిద్దరూ పొదలు దాటేదాకా ఆగి, అతను జేబులోంచి పసుపు పొట్లం తీసి, కొబ్బరినీళ్లకి బయటపడ్డ 7 అంకెని, పోయిన నెల మొదటిసారి కప్పినట్టే, బొటనవేలితో జాగ్రత్తగా మెత్తేశాడు.