గట్టు వదలని వ్యాసం

“నన్నెందుకు చంపావే?” కంప్యూటర్‌లో మనవరాలు రాసుకున్న వ్యాసం చదివి నానమ్మ గట్టిగా అడిగింది.

“కాలేజీ దరఖాస్తుకి నానమ్మా. జీవితంలో పడ్డ కష్టం గురించి రాయమన్నారు. నాకేం కష్టాలున్నాయని?” మనవరాలు నసిగింది.

“అందుకని నీ చెయ్యి పట్టుకుని ‘బాగా చదువుకో తల్లీ’ అంటూ పోయానా? బతికుండగా ఎప్పుడైనా అన్నానా ఆ మాట?”

“లేదు.”

“మరి నిజంగా పడ్డ కష్టమే రాయి. ఈత నేర్చుకోడానికి ఇద్దరం కలిసే చేరాం. నేను వారానికే తేలాను. నువ్వు గట్టు పట్టుకుని ఏడ్చి, మళ్ళీ అటువైపు తొంగి చూడలేదు.”

“ఛీ, అది రాస్తే పరువు పోదూ?”

“నా ప్రాణం పోయినా ఫరవాలేదు గానీ, నీ పరువు పోకూడదా?”

మనవరాలికి నవ్వాగలేదు. రాసిందంతా చెరిపేసి, ‘మా నానమ్మ ఈదుతోంది. నేను గట్టు వదలడం లేదు’ అని మొదలుపెట్టింది. నీళ్ళలో కాళ్ళు వణకడం, చిన్నపిల్లలు చూసి నవ్వడం, ఎవరికీ చెప్పుకోనివన్నీ చకచకా వచ్చేశాయి. సగం పేజీ దాటాక చేతులు ఆగిపోయాయి.

“మళ్ళీ ఏమైందే?” అంది నానమ్మ.

“రేపు నన్నూ ఈతకి తీసుకెళ్ళు నానమ్మా. తర్వాత ఏమైందో రాయాలంటే, ముందు అది జరగాలి కదా!”