టిక్కుమనని మూత

కెనడాలో మా విన్నిపెగ్ మందుల షాపులో నాలుగేళ్ల పాప నిద్రమాత్రల సీసా మూతను ఒంటి చేత్తో తీసేసింది.

తల్లి లాక్కోబట్టి సరిపోయింది. షెల్ఫులో వెతికితే అలాంటివే మరో తొమ్మిది. పిల్లలు తీయలేకుండా చేసిన ఆ మూతల్లో దేన్నీ టిక్కుమనేదాకా నొక్కి తిప్పలేదు.

"నీ ట్రైనింగ్ ఇవాళ్టితో ఆఖరు మరిసోల్. కాలేజీ కాగితాల మీద సంతకం పెట్టను," అంది మేనేజర్ లొరైన్.

"నేను మాత్రలు లెక్కపెడతానంతే మేడమ్. మూతలు పెట్టేది గోర్డన్ గారు."

సీనియర్ ఫార్మసిస్టు గోర్డన్ జేబుల్లోంచి చేతులు తీయలేదు.

"మరిసోల్‌ని వదిలెయ్ లొరైన్. మూత నొక్కితే భుజం దాకా మంట. ఫైబ్రోమయాల్జియా అన్నారు డాక్టర్లు, ఏ టెస్టులోనూ కనబడని ఒళ్లునొప్పులు. ఆ రోగులు వెళ్లగానే 'నొప్పంతా బుర్రలోనే' అని మిమ్మల్ని నవ్వించింది నేనే. ఇప్పుడు నాకే వచ్చిందని ఏ మొహంతో చెప్పను?"