అందాల నగరానికి ఒక్క ఓటు

“నాలుగున్నరయింది. ఆ కాగితం మీద కొండ ఊరి పేరు రాసి పంపేయండి. గొడవ వదిలిపోతుంది,” అంది నర్సు, సూది ట్రేలో పెడుతూ.

“రాస్తాను. సముద్రం ఊరి పేరు రాస్తాను,” అన్నాడు పళ్ళ డాక్టరు, కుర్చీలో వెనక్కి వాలి ఉన్న లారీ డ్రైవరు నోట్లోకి లైటు తిప్పుతూ.

ఇద్దరూ భార్యాభర్తలు. ఒకే ప్రభుత్వాసుపత్రిలో పని. ఇద్దరికీ కలిపే బదిలీ వచ్చింది. ఏ నగరం కావాలో సాయంత్రం ఐదులోగా రాసివ్వాలి. ఇవ్వకపోతే పైవాళ్ళు ఎక్కడికి తోస్తే అక్కడికి పోవాలి. కాగితంలో గడి మాత్రం ఒక్కటే ఉంది.

కింది వరసలో చివరి పన్ను నల్లగా పుచ్చిపోయి కనిపించింది. “ఇదే దొంగ,” అంటూ డాక్టరు మత్తుమందు సూది గుచ్చాడు. డ్రైవరు ఏదో చెప్పబోయాడు. “మాట్లాడకు, దవడ కదపకూడదు,” అని నోట్లో దూది కుక్కి, ఉమ్ము లాగే గొట్టం తగిలించాడు. మళ్ళీ భార్య వైపు తిరిగాడు.

“దేశంలో అంత అందమైన నగరం ఇంకోటి చూపించు. ఊరు చుట్టూ నీలంగా సముద్రం.”

“మీ అన్నయ్యగారి బాల్కనీలోంచి కనిపిస్తుందనేగా ఆ నీలం. ఆరేసిన బట్టలు అక్కడ ఏడాదంతా ఆరవు. కొండ ఊళ్ళో పొద్దున్నే కిటికీ తీస్తే మబ్బు ఇంట్లోకి వస్తుంది.”

“మీ చెల్లెలు అక్కడ కాపురం పెట్టకపోతే ఆ కొండలు నీకు రాళ్ళగుట్టల్లా కనిపించేవి.”

నర్సు చేతులు కట్టుకుంది. “మనలో మనం ఎంత కొట్టుకున్నా తేలదు. దేశమంతా తిరిగిన మనిషి ఎదురుగా నోరు తెరుచుకునున్నాడు. చీటీ రాసేటప్పుడు చెప్పాడు, ఇరవై రెండేళ్ళుగా లారీ నడుపుతున్నాడట. రెండు ఊళ్ళకీ వందలసార్లు వెళ్ళాడట. ఆయన్నే అడగండి.”

“ఆయన ఎంతంటే అంతేనా? తర్వాత మూతి ముడవకూడదు.”

“ముడవను.”

అంతవరకూ ‘నువ్వు’ అంటున్న డాక్టరు ఒక్కసారిగా మర్యాదలోకి దిగాడు. “డ్రైవరుగారూ, మీరు నోటితో చెప్పక్కర్లేదు. సముద్రం ఊరు అందమైనదంటే కుడి చెయ్యెత్తండి. కొండ ఊరంటే ఎడమ చెయ్యి. మొహమాటం వద్దు.”

“పళ్ళు పీకే పటకారు చేత్తో పట్టుకుని ఓటడుగుతారా? ముందు అది పక్కన పెట్టండి.”

డాక్టరు పటకారు ట్రేలో పెట్టాడు. డ్రైవరు కళ్ళు డాక్టరు మీదనుంచి నర్సు మీదకీ, నర్సు మీదనుంచి ట్రే మీదకీ తిరిగాయి. చటుక్కున కుడి చెయ్యి ఎత్తాడు.

“అయిపోయింది,” అన్నాడు డాక్టరు.

“నొప్పికి ఎత్తాడేమో.”

“మందిచ్చాక నొప్పెక్కడిది?”

“అన్నయ్యా, తొందరపడకు. కొండ ఊరి ఘాటురోడ్డు ఒక్కసారి గుర్తు తెచ్చుకో,” అని బతిమాలింది నర్సు.

డ్రైవరు కుడి చెయ్యి ఇంకా పైకెత్తి ఊపాడు. అదే చేత్తో తన బుగ్గ మీద టపటపా కొట్టుకున్నాడు కూడా.

“చూశావా, ఇందులో అడగడానికేముందని లెంపలేసుకుంటున్నాడు,” అంటూ డాక్టరు గడిలో గుండ్రటి అక్షరాలతో సముద్రం ఊరి పేరు రాసి సంతకం చేశాడు. గుమ్మంలో కాచుకునున్న అటెండరు కాగితం అందుకుని మెట్లు దిగిపోయాడు.

నర్సు మూతి ముడవనని మాటిచ్చింది కాబట్టి కిటికీ వైపు తిరిగి నిలబడింది. పక్కపక్క వాటాల్లో ఉందామని చెల్లెలు నెలరోజులుగా ఇల్లు వెతుకుతోంది. దానికి ఇప్పుడేం చెప్పాలో ఆమెకు తోచలేదు.

డాక్టరు మహా హుషారుగా పటకారు తీసుకున్నాడు. ఒక్క ఊపులో పన్ను బయటికొచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒకే రోజు రెండు పనులు ఇంత సులువుగా నెగ్గడం ఆయనకు ఇదే మొదటిసారి.

అరగంట దాటాక డ్రైవరు దూది ఉమ్మేసి, నోరు పుక్కిలించి లేచి కూర్చున్నాడు. నర్సు ఇక ఉండబట్టలేకపోయింది.

“ఓటేశావు, సరే. అంత గొప్పగా ఆ సముద్రంలో ఏం చూశావన్నయ్యా?”

“సముద్రమా? నేనెప్పుడూ చూళ్ళేదమ్మా,” అన్నాడు డ్రైవరు, మొద్దుబారిన నాలుకతో.

డాక్టరు చేతులు కడుక్కుంటున్నవాడల్లా ఆగిపోయాడు. “వందలసార్లు వెళ్ళానన్నావట?”

“వెళ్ళానండీ. పగలు లారీల్ని లోపలికి రానివ్వరు గదా. అర్ధరాత్రి వెళ్ళి, సరుకు దింపి, తెల్లారేలోగా బయటపడాలి. కొండ ఊరూ అంతే. ఆ ఊళ్ళో గోడౌను చూశాను, ఈ ఊళ్ళో గోడౌను చూశాను. రెండూ రేకుల షెడ్లే.”

నర్సు మొగుడి మొహంలోకి చూసింది. డాక్టరు కొళాయి కట్టేశాడు.

“మరి కుడి చెయ్యి ఎందుకెత్తావయ్యా?”

డ్రైవరు ట్రేలోని పన్నును అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా మళ్ళీ అక్కడే పెట్టాడు.

“నొప్పి కుడివైపు పన్నుకండీ. మీరు పీకింది ఎడమవైపుది.”