హీబీ ఎవరింటి పిల్ల?

“ఆ పేరు ఈ హాల్లో ఎత్తకమ్మాయ్!” టీ కెటిల్‌ని బల్లమీద ఠంగున పెట్టింది గ్లెనిస్.

ఇన్వర్‌కార్గిల్ హీబీ పెంపకందార్ల సంఘానికి మొదటినుంచీ ఆవిడే అధ్యక్షురాలు. ఊళ్ళో ఏ పెరట్లో హీబీ పొద ఊదారంగు పూలు పూసినా, దాని కొమ్మ ఆవిడ ఇచ్చిందే. యూనివర్సిటీ నుంచి ఉపన్యాసానికి వచ్చిన మెరియానా ఇప్పుడు ఆ హీబీ అసలు హీబీయే కాదంటోంది.

“కోపం తెచ్చుకోకండి గ్లెనిస్ గారూ. మొక్క కణాల్లో రైబోజోముల్ని తయారుచేసే జన్యువులుంటాయి. ఎన్ని యుగాలైనా అవి పెద్దగా మారవు. వాటి మధ్య స్పేసర్లనే డీఎన్ఏ ముక్కలుంటాయి. వాటికంత పనిలేదు కాబట్టి మార్పులన్నీ అక్కడే పోగుపడతాయి. ఏ రెండు మొక్కల్లో ఆ మార్పులు కలిస్తే అవి దగ్గర చుట్టాలు. మీ హీబీవి కలిసింది...”

“చెప్పకు!”

“వెరోనికా మొక్కలతో. ఇకనుంచి హీబీ పేరు కూడా వెరోనికాయే.”

వెనక వరసలో ఎవరో గట్టిగా దగ్గారు.

“పనీపాటా లేని ముక్కల్ని పట్టుకుని వంశాలు తేలుస్తారా?” నిలదీసింది గ్లెనిస్.

“పనిలేనివాళ్ళకేగా అందరి చుట్టరికాలూ తెలిసేది!”

హాలంతా నవ్వింది. గ్లెనిస్ నవ్వలేదు.

“సరే, చుట్టాలే అనుకో. ఆ వెరోనికానే హీబీలో కలపొచ్చుగా?”

“ముందు పెట్టిన పేరే నిలవాలని రూలండీ. వెరోనికాయే ముందు.”

“ముందా? అదెక్కణ్ణుంచో ఊడిపడింది. ఇన్నాళ్ళూ ఇక్కడి వానకీ గాలికీ ఓర్చుకుని నిలబడింది హీబీ!”

సంఘం పేరులో వెరోనికా చేర్చాలా వద్దా అని ఓటు పెట్టారు. సభ్యులు ఆవిడ వైపు చూడకుండా ఒక్కొక్కరే చేతులెత్తారు. గ్లెనిస్ ఇంకా ఎవరూ ముట్టని తన చీజ్ రోల్స్ పళ్ళేన్ని చేతిలోకి తీసుకుని బయటికి నడిచింది. అప్పుడుగాని సభ్యులకి నష్టమెంతో తెలియలేదు.

మెరియానా కారుదాకా పరుగెత్తింది. “నా ఫలితం మీద అనుమానముంటే చెప్పండి, మళ్ళీ పరీక్ష చేస్తాను.”

“నీ పరీక్ష తప్పని నేనెప్పుడన్నాను?” గ్లెనిస్ కళ్ళు తుడుచుకుని కారు పోనిచ్చింది.

మెరియానా లోపలికొచ్చేసరికి, సంఘం కార్యదర్శి ట్రెవర్ కప్పులు కడుగుతున్నాడు.

“మొక్క పేరు మారితే ఇంత బాధేమిటండీ?”

ట్రెవర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“వాళ్ళాయన లేచిపోయింది వెరోనికాతోనమ్మా.”