పాప రస్కులు

"కంపెనీది వద్దు బాబాయ్ గారూ. పేరుకే ఆ రేటు. ఇది మా షాపు సొంత సరుకు. మా గోడౌన్‌లోనే ప్యాకింగు. ఇది తీసుకోండి."

డయానా చూపించిన కందిపప్పు వంక లాజరు సరిగ్గా చూడనైనా లేదు. తలూపాడు. పప్పు బుట్టలో పడింది.

ఉప్పు, పసుపు, టీపొడి, బట్టల సబ్బు, ఫినాయిలు. అన్నిటికీ అదే తలూపడం. హనుమాన్ జంక్షన్‌లో ఆ సూపర్ మార్కెట్టు తెరిచినప్పటి నుంచీ డయానా అందులోనే పనిచేస్తోంది. షాపు పేరు అచ్చేసిన సరుకు కొనిపించాలంటే మనుషుల్ని ఎంత బతిమాలాలో ఆమెకు తెలుసు. ఒకరికి సబ్బు నురగ రాదు. ఇంకొకరికి టీ రంగు దిగదు. రోజూ ఇలాంటి పెద్దమనిషి ఒక్కడొచ్చినా చాలుననుకుంది.

చీపురు, బకెట్టు, గరిటెలు కూడా చేరాయి.

"కొత్త కాపురం పెడుతున్నారా ఏంటి బాబాయ్ గారూ?" అంది నవ్వుతూ.

"మాది బెజవాడ సింగ్‌నగరమ్మా. బుడమేరు వరద వచ్చిపోయింది కదా."

డయానా నవ్వు సగంలో ఆగింది. "అయ్యో. ఏమన్నా మిగిలాయా?"

"ట్రంకుపెట్టె అటకెక్కించాం. నీళ్లు అటకా ఎక్కాయి."

లాజరు ముందుకి కదిలాడు. బిస్కెట్ల అర దగ్గర ఆగి, పైనుంచి కిందిదాకా కళ్లతో వెతికాడు.

"పాప రస్కులెక్కడమ్మా?"

రెండు జడల పాప రస్కు కొరుకుతూ నవ్వే బొమ్మ ఆ కవరు మీద ఉంటుంది. అసలు పేరు ఇంకేదో ఉన్నా ఆ చుట్టుపక్కల అందరూ పాప రస్కులనే అడుగుతారు. జంక్షన్‌లోనే పాత బేకరీ ఒకటి వాటిని తయారుచేసేది. ఎండాకాలంలో అది మూతపడింది.

"ఇంక రావండీ. బేకరీ ఎత్తేశారుగా. మా షాపు రస్కులున్నాయి, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ."

లాజరు తల మొదటిసారి అడ్డంగా ఊగింది.

"అవే కావాలమ్మా. బెజవాడంతా తిరిగాం. అవి లేకపోతే మా ఆవిడకి ముద్ద దిగట్లేదు."

తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషిని చూపించాడు. ఆమె పేరు రూతు. కట్టుకున్న చీర ఎవరో పంచిపెట్టింది కాబోలు, జాకెట్టుకీ దానికీ పొంతన లేదు.

"ఇదివరకు ఇక్కడున్నప్పుడు ఆ బేకరీలోనే ప్యాకింగు చేసేది," అన్నాడు.

డయానాకి విషయం అర్థమైంది. తన చేతుల మీదుగా వెళ్లిన సరుకు మీద మమకారం. అది రుచి చూస్తే తీరిపోయేదే. షాపు రస్కుల ప్యాకెట్టు ఒకటి విప్పి తీసుకెళ్లింది.

"తిని చూడండి పిన్నిగారూ. తేడా ఉంటే నన్నడగండి."

రూతు ఒక ముక్క కొరికి నెమ్మదిగా నమిలింది.

"బాగుందమ్మా. వాటికంటే ఇదే బాగుంది," అంది.

డయానా పొంగిపోయేలోపే రూతు తన మొగుడి వంక చూసింది. "లేవంటా?"

కొరికిన రస్కు ఆమె చేతిలో అలాగే ఉండిపోయింది.

కౌంటరు దగ్గర మేనేజరు పవన్‌కుమార్ గట్టిగా నవ్వాడు. "రస్కుల కోసం బెజవాడ నుంచి బస్సెక్కొచ్చారా? బందరు లడ్డూ అంటే ఓ అర్థముంది!"

వాళ్లిద్దరూ నవ్వలేదు. డయానాకి మనసొప్పలేదు. తేదీ దాటిన సరుకు పడేసే అట్టపెట్టె గుర్తొచ్చి లోపలికి పరుగెత్తింది. పైవన్నీ తీసి పక్కన పెడితే అడుగున దొరికింది, ఒకే ఒక్క ప్యాకెట్టు.

దాన్ని చూడగానే రూతు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ చాపింది.

"తేదీ చూశావా డయానా?" అన్నాడు పవన్‌కుమార్.

చూసింది. ఎప్పుడో దాటిపోయింది. కవరు లోపల రస్కుల అంచులకి పచ్చగా బూజు.

"ఇవి తినకూడదు పిన్నిగారూ."

"పర్లేదమ్మా. ఇచ్చెయ్యి."

"పర్లేదంటే ఎలాగండీ? రేపు మీకేదన్నా అయితే మా పీకలకి చుట్టుకుంటుంది," అన్నాడు పవన్‌కుమార్. "కోసి చెత్తలో పడెయ్ డయానా."

తేదీ దాటిన ప్యాకెట్టుని కోసే పారెయ్యాలి. లేకపోతే ఎవరో ఏరుకెళ్లి మళ్లీ అమ్ముతారు. డయానా కత్తి తీసింది. ఈ ముసలివాళ్ల మంచికే కదా అనుకుంది. ప్యాకెట్టుని కౌంటరు మీద పెట్టి, సరిగ్గా నడిమధ్యన కత్తి మొన ఆనించింది.

అంతసేపూ గొంతు పెంచని లాజరు ఆమె మణికట్టు పట్టేసుకున్నాడు.

"అక్కడ కొయ్యొద్దమ్మా!"

డయానా కత్తి వదిలేసింది.

రూతు ప్యాకెట్టు అందుకుంది. వెనకవైపు అతుకుని గోటితో కొంచెం కొంచెంగా విప్పింది. చెత్తబుట్ట దగ్గరికి వెళ్లి రస్కులన్నీ అందులో కుమ్మరించింది. ఒక్కటీ ఉంచుకోలేదు. ఖాళీ కవరుని కౌంటరు మీద పరిచి, పైట చెంగుతో పొడి తుడిచి, ముడతలు సాఫు చెయ్యసాగింది.

పవన్‌కుమార్ కౌంటరు మీదికి వంగి చూశాడు.

"ఉత్త కవరు కోసమా పిన్నిగారూ ఇంత దూరం వచ్చింది?" అంది డయానా.

రూతు సాఫు చేస్తూనే ఉంది. లాజరే చెప్పాడు.

"చిన్నప్పుడే పోయిన మా పాప వినీల ఫొటోలన్నీ పెట్టెతో సహా బుడమేరు పట్టుకుపోయింది తల్లీ, దాని మొహం ఇంక బేకరీ వాళ్లు అచ్చేసిన ఈ కవరు మీదే మిగిలింది."