జోనస్ బొటనవేలు

షెడ్డు తలుపు తీసేసరికి రూబెన్‌కి తన యంత్రం ముక్కలై కనిపించింది. చట్రం రెండుగా విరిగింది. పళ్లచక్రాలు నేలంతా దొర్లి ఉన్నాయి. ఏడేళ్ల పని. అతనికి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఒక చక్రం తీసి బల్ల మీద, రెండు నీలి బట్టముక్కల పక్కన పెట్టాడు.

మధ్యాహ్నం మిల్లు యజమాని వస్తాడు. యంత్రం నడిస్తే పేటెంటు ఖర్చంతా ఆయనే పెట్టుకుంటాడు. నడవకపోతే లీడ్స్‌లో ఇలాంటిదే చేస్తున్న ఇంకొకడికి పోతుంది పేటెంటు.

కానిస్టేబుల్ హేగ్ వచ్చి బూటుతో చెక్కల్ని కదిపాడు.

"కత్తెర పనివాళ్లే. నీ యంత్రం ఒక్కటి తిరిగితే, ఉన్ని బట్ట మీద నూగు కత్తిరించి బతికే పదిమంది అడుక్కోవాలి మరి."

"బ్లేడ్లు చూడు," అన్నాడు రూబెన్.

యంత్రానికి బిగించిన కత్తెర బ్లేడ్లను ఎవరో విప్పి, నూనె రాసి, గుడ్డలో చుట్టి గోడవారగా పెట్టారు. వాటి మీద ఒక్క గీత లేదు.

"చెప్పానా? పదును మీద సుత్తి వెయ్యడానికి కత్తెర పనివాడికి చెయ్యి రాదు. ఆ లూక్ శనివారం సారాకొట్లో అరిచాడట, నీ యంత్రాన్ని పొయ్యిలో పెడతానని."

అరగంటలో లూక్‌ని చేతులు కట్టి తెచ్చాడు. కుడి మణికట్టు మీద, కత్తెర పిడి ఒరిసే చోట, కాయ కాచి ఉంది.

"ఈ కాయ చూసి ఉరి తీస్తారా? రూబెన్ వాళ్ల నాన్నకి నాకన్నా పెద్దదుంది. ఆయన్నీ కట్టు, హేగూ."

"యార్కులో ఉరికంబం ఎక్కాక నవ్వుదువుగాని. నడు."

గుమ్మంలో పీట మీద కూర్చున్న రూబెన్ తండ్రి జోనస్ తలెత్తలేదు. నలభై ఏళ్లు కత్తెర పట్టిన మనిషి. బట్ట మీద బొటనవేలు రాసి, అది ఎవరు కత్తిరించిందో పేరుతో సహా చెప్పేవాడు. తోటివాళ్లు ఆయన కళ్లకి గంతలు కట్టి పందేలు కాసేవారు. ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

"వాణ్ణి వదిలెయ్," అన్నాడు జోనస్.

"మీరు లోపలికెళ్లండి పెద్దాయనా, చలిగా ఉంది."

"సుత్తి నా మంచం కింద ఉంది. పోయి చూసుకో."

హేగ్ చేతిలో తాడు వదులైంది.

రూబెన్ వచ్చి తండ్రి ఎదుట గొంతుక్కూర్చున్నాడు. "ఎందుకు నాన్నా?" గంజి తాగావా అని అడిగినట్టుంది గొంతు. "లూక్‌వాళ్ల కూడు పోతుందనా?"

"వాళ్ల కూడు సంగతి నాకు తట్టనే లేదురా." జోనస్ తన బొటనవేలు కేసి చూసుకున్నాడు. "నిన్న మీరంతా చర్చికి పోయాక ఒక నీలి బట్టముక్క నీ యంత్రంలో పెట్టి తిప్పాను. ఇంకోటి నా కత్తెరతో చేశాను. కళ్లు మూసుకుని రెండూ కలిపేశాను. గంటసేపు రాసి రాసి చూశాను, బాబూ. వాటిలో నాది ఏదో నాకు తెలియలేదు."