పదో సంచి

నోవినీలె సంచి సర్దడం ఇది నాలుగోసారి.

"అత్తయ్యా, మనం వెళ్లేది ఊరికి. చందమామ మీదకి కాదు," అన్నాడు అల్లుడు లుంగిసా.

"మొత్తం తొమ్మిది సంచులు. దిగేటప్పుడూ తొమ్మిదే ఉండాలి. గుర్తుపెట్టుకో."

కారు వెనక ట్రైలర్ తగిలించడానికి కొక్కెం బిగించే షాపు అది. ఆ షాపు వాకిట్లోనే, నేల మీద కూర్చుని సర్దుతోంది ఆవిడ.

కేప్‌టౌన్ నుంచి వాళ్ల ఊరు త్సోమోకి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. మూడేళ్ల కింద ఇదే దారిలో, కనుమ దిగుతుండగా, ఆవిడ తమ్ముడి కారుకున్న ట్రైలర్ ఊడిపోయింది. తమ్ముడు ఊరు చేరలేదు.

అందుకే ట్రైలర్ మాటెత్తితే ఆవిడకి దడ.

షాపువాళ్లు కొక్కెం బిగించారు. గొలుసులు తగిలించారు. దీపాల తీగ కలిపి, ఇంకో కారు దగ్గరకి పరుగెత్తారు. డిసెంబరు సెలవులు. వాకిలంతా కార్లే.

నలభై దాటిన మనిషొకడు వచ్చి, సిమెంటు బస్తాలు ఎక్కించిన ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సిమెంటు బస్తాలన్నీ వెనక్కి పెట్టారేంటన్నా? తోక ఊపుతుంది."

"ఇదేమైనా కుక్కా, తోక ఊపడానికి?" అన్నాడు లుంగిసా.

"కుక్క ఊపితే ముద్దుగా ఉంటుంది. ట్రైలర్ ఊపితే కారే తిరగబడుతుంది."

నోవినీలె లేచి నిలబడింది. "నువ్వు చెప్పు నాయనా. ఏం చెయ్యాలో అన్నీ చెప్పు."

బస్తాలన్నీ దింపించాడు. చక్రాలకి కాస్త ముందుగా మళ్లీ పేర్పించాడు. తనూ మోశాడు. తర్వాత షాపువాళ్లు తిన్నగా తగిలించిన రెండు గొలుసులూ విప్పి, ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేశాడు.

"ఎందుకలా?" అంది నోవినీలె.

"కొక్కెం జారిందనుకోమ్మా. ఇలా అడ్డంగా వేస్తే ట్రైలర్ ముక్కు నేలకి తగలదు. గొలుసుల ఒడిలో పడుతుంది."

"ఒడిలో," అని తనలో తనే అనుకుంది ఆవిడ. వంగి రెండు గొలుసులూ ఒకసారి లాగి చూసుకుంది.

కారు అద్దాలకి ఇరువైపులా పొడవాటి అద్దాలు తగిలించాడు. వెనక్కి వెళ్లి నిలబడి, అద్దంలోకి చూస్తున్న నోవినీలెని కేకేసి అడిగాడు. "ట్రైలర్ వెనకాలున్నది కనిపిస్తోందా అమ్మా?"

"నువ్వే కనిపిస్తున్నావు!"

"అయితే సరిగ్గానే ఉన్నట్టు."

"షాపులో ఇంత పనిమంతుడు ఉంటాడనుకోలేదు," అన్నాడు లుంగిసా, తన భార్య జింఖితతో.

అతను చేతులు దులుపుకుంటూ అడిగాడు. "ఎక్కడిదాకా అమ్మా?"

"త్సోమో."

"ఎంతమంది?"

"ముగ్గురం."

"వెనక సీటులో ఇంకో మనిషికి చోటుంది."

"అక్కడ మా కోడి కూర్చుంటుంది. పక్కన ఉడికించిన గుడ్లూ, రొట్టే," అంది జింఖిత.

అతను నవ్వి, మరేమీ అనకుండా చక్రం మరలు చూడడానికి ట్రైలర్ కిందకి దూరాడు.

నోవినీలె ట్రైలర్ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. ఆవిడ ప్రార్థన ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది.

"మాతో రా. దారంతా మాతోనే ఉండు. నువ్వు లేకుండా మేం బయలుదేరం."

"అలాగేనమ్మా!" అని ట్రైలర్ కింది నుంచి గొంతు వినిపించింది.

జింఖితకి నవ్వు ఆగలేదు. "అమ్మా, దేవుడు ట్రైలర్ కిందే ఉన్నాడు!"

నోవినీలె కళ్లు తెరవకుండానే కూతుర్ని గిల్లింది.

అతను లేచి ట్రైలర్ ముందు మూలలో ఏదో సర్దాడు. టార్పాలిన్ బిగించి కట్టి, ఫోను చెవికి పెట్టుకుని కుళాయి వైపు వెళ్లాడు.

వెనక కారువాడు హారన్ మోగిస్తున్నాడు. "పదండి, ఎండ ముదరకముందే కనుమ దాటాలి," అన్నాడు లుంగిసా.

గేటు దాటి మలుపు తిరుగుతుంటే కొత్త అద్దంలో అతను కనిపించాడు. రెండు చేతులూ పైకెత్తి పరుగెత్తుతున్నాడు.

"చూడు, వీడ్కోలు చెప్పడానికి ఎలా పరుగెత్తుకొస్తున్నాడో," అంది నోవినీలె. కిటికీలోంచి రుమాలు ఊపింది. అద్దంలో అతను చిన్నగా అయిపోయేదాకా ఊపుతూనే ఉంది.

రెండో కనుమ దిగుతుండగా పెద్ద చప్పుడైంది. కారు వెనక్కి లాగినట్టయింది. లుంగిసా మెల్లగా పక్కకి తీసి ఆపాడు.

ముగ్గురూ దిగి చూశారు. కొక్కెం జారిపోయింది. ట్రైలర్ ముక్కు నేలకి జానెడు ఎత్తున, అడ్డంగా వేసిన గొలుసుల్లో పడుకుని ఉంది.

లుంగిసా జాకీతో ముక్కు పైకెత్తి, కొక్కెం మళ్లీ తగిలించి బిగించాడు.

"ఆయన పేరైనా అడగలేదు," అంది నోవినీలె.

మర్నాడు పొద్దున ఊళ్లో సామాను దింపుతూ లెక్కపెట్టింది. "ఎనిమిది, తొమ్మిది... పది."

పదోది పాత రెక్సిన్ సంచి. వీళ్లెవరిదీ కాదు.

లుంగిసా షాపుకి ఫోన్ చేశాడు. "నిన్న మా ట్రైలర్ సర్దిన మీ మనిషి సంచి..."

"మా మనిషా? మీతో వచ్చిన చుట్టం అనుకున్నామే!"

సంచిలో ఆడవాళ్లు కప్పుకునే కొత్త దుప్పటి ఉంది. దానికి గుచ్చిన కాగితం మీద ఒక పేరు, సిందిలె. కింద ఊరి పేరు. గుట్ట అవతలి ఊరే.

వెళ్లేసరికి ఆ ఇంటి ముందు ఒక ముసలమ్మ కొత్త తలగుడ్డ కట్టుకుని నిలబడి ఉంది. కారు ఆగగానే వచ్చి వెనక సీటులోకి వంగి చూసింది.

"నా కొడుకు సిందిలె ఏడీ?"

అవతలి తలుపు కూడా తెరిచి చూసింది.

"నిన్న పొద్దున ఫోన్ చేశాడు. పదకొండేళ్లకి వస్తున్నానన్నాడు. ఎవరో పెద్దావిడ, నువ్వు లేకుండా మేం బయలుదేరం అందట."

నోవినీలె సంచిని గుండెలకి హత్తుకుని అలాగే ఉండిపోయింది.

మళ్లీ ఫోన్ చేసి అడిగితే, వీళ్లు బయలుదేరిన రోజు మధ్యాహ్నం దాకా అతను గేటు దగ్గరే నిలబడ్డాడనీ, తర్వాత సామానుతో వెళ్తున్న ఏదో బండి ఎక్కాడనీ షాపువాళ్లు చెప్పారు. ఆ బండి ఎవరిదో వాళ్లకి తెలియదు. అతని ఫోను మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సంచి 2012 డిసెంబరు పదిహేనున ఇల్లు చేరింది. సిందిలె ఆ రోజు రాలేదు, ఆ తర్వాత ఏ డిసెంబరులోనూ రాలేదు.